రాట్నానికి మోటారు బిగించాలా?

నూలు, నేత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మ, అమ్మమ్మ పొందూరు ఖద్దరుకు నూలు వడుకుతారు. నేను టెక్స్‌టైల్ డిప్లొమా చదువుతున్నాను. సోలార్ రాట్నాలు పెట్టకపోతే ప్రపంచ పోటీలో నిలవలేమని కొందరు అంటున్నారు. నిజమేనా మేడమ్?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: సోలార్ రాట్నాలతో ఉత్పత్తి పెరుగుతుంది. అలా పెరిగేది పొందూరు నూలు మాత్రం కాదమ్మా. ఈ రోజు గాలి విసురుతో పోగును తోసే ఎయిర్‌జెట్ మగ్గం నిమిషానికి వెయ్యికి పైగా పేక (అడ్డం) పోగులు వేస్తోంది. 2005 జనవరి 1న దేశాల మధ్య వస్త్ర ఎగుమతుల కోటాలు పోయాక, ఆ వేగం ఎవరి దగ్గర చవకగా ఉంటే బజారు వారిదే. ఆ పందెంలోకి మీ ఇంటి రాట్నాన్ని దించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

అసలు సంగతి పింజలో, అంటే గింజను అంటుకుని ఉండే పత్తి పీచులో ఉంది. మీ కొండపత్తి పింజ పొట్టిది. యంత్రాలకు పొడవుగా, ఒకే తీరుగా ఉండే పింజ కావాలి. అందుకే సోలార్ రాట్నాల్లాంటి ఎక్కువ కదుళ్ల (నూలు చుట్టుకునే కడ్డీల) రాట్నాలకు ఏకులు, అంటే వడకడానికి సిద్ధం చేసిన పత్తి వత్తులు, సాధారణంగా బయటి ప్లాంట్ల నుంచి వస్తాయి. మీ అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నప్పుడు పక్కన కూర్చుని గమనించండి. గింజను అంటుకున్న పింజంతా ఒక వైపుకు సర్దుకుంటుంది, నలుసులు రాలిపోతాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులను ఎండు అరటి పట్టలో దాస్తారు. ఇంత ఓపిక పడితేనే ఆ పొట్టి పింజ 100 కౌంటు దారంగా సాగుతుంది. 100 కౌంటు అంటే ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు వంద, దాదాపు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా తూగని ఆ నూలు శ్రీకాకుళంలో విప్పడం మొదలుపెడితే విజయనగరం దాటిపోతుంది!

కొత్త సాంకేతికత మీకు కావలసింది నకిలీని పట్టుకోవడానికి. మొన్న ఒక దుకాణంలో ‘పొందూరు పంచె’ అంటూ ఒకటి చూపించారు. లెన్సు పెట్టి చూశాను. పడుగూ (నిలువు పోగులు) పేకా గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి. చేతి నూలులో సన్నం, లావు పక్కపక్కనే కనిపిస్తాయి. అడిగి రెండు పోగులు లాగి వెలిగిస్తే కరిగి పూసకట్టాయి. పత్తి నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిద కావాలి. చాలా కోపం వచ్చింది. కొనేవారందరూ లెన్సు పట్టుకుని తిరగరు కదా!

యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఎకోడిజైన్ (పర్యావరణానికి మేలైన తయారీ) నిబంధనల కింద అక్కడ అమ్మే వస్త్రాలకు డిజిటల్ పాస్‌పోర్ట్ రానుంది. ఫోనుతో స్కాన్ చేస్తే ఆ బట్ట దేనితో తయారైందో తెలియాలి. పెద్ద మిల్లులకు ఇది తలనొప్పి. పత్తి పండిన కొండ, వడికిన ఇల్లు, నేసిన మగ్గం అన్నీ దగ్గర దగ్గరే ఉన్న మీకు ఇది వరం. ప్రతి తానుకూ ఒక కోడ్ పెట్టండి, వడికినవారి ఊరు, పత్తి రకం, కౌంటు అందులో చేర్చండి. మీ డిప్లొమా చదువు ఇక్కడ అక్కరకు వస్తుంది. పని సులువు చేయాలనుకుంటే మంచి వెలుతురు, నడుము నొప్పి రాని ఆసనం ముందు చూడండి.

ఒక్క షరతు. ఆ కోడ్ వల్ల పెరిగిన ధరలో వాటా చిలపకిచ్చే కూలిలో కనిపించాలి. కూలి గిట్టకే మీ ఈడు పిల్లలు రాట్నం దగ్గర కూర్చోవడం లేదు.

ప్రశ్న: బంగ్లాదేశ్ సరుకు ముందు మన గోనె మిల్లులు నిలుస్తాయా?
– ఒక కార్మికుడు, బొబ్బిలి

జవాబు: ఆహారధాన్యాలకు గోనె సంచులు తప్పనిసరి చేసే 1987 నాటి చట్టం, మరీ చవగ్గా వచ్చిపడే దిగుమతులపై 2017 నుంచి విధించిన యాంటీ డంపింగ్ సుంకం ఇప్పటిదాకా కాపు కాశాయి. వాటినే నమ్ముకుంటే మాత్రం కష్టం. మన జిల్లాల గోగునార ముతకది, సంచులకు సరిపోతుంది. ఏటి గట్లు కోసుకుపోకుండా పరిచే జియోటెక్స్‌టైల్ వలకూ ముతక నార పనికొస్తుంది. నాగావళి, వంశధార గట్లకు అలాంటి వల పరిచే పని ఉందేమో నీటిపారుదల ఇంజనీర్లను మీ యూనియన్ తరఫున అడిగి, నాకు రాయండి.