పాత ఆండ్రాయిడ్‌లోనే ఉండిపోనా?

ప్రశ్న: నా ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 ఉంది. 12కి మారమని ఎప్పటినుంచో అడుగుతోంది. ఫొటోలు పోతాయేమోనని రోజూ 'తర్వాత' నొక్కేస్తున్నాను. మారాలా, వద్దా?

జవాబు: మారండి. మామూలుగా అప్‌డేట్‌లో ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. అలాగని ధీమాగా కూర్చోకండి. ఒకసారి నా ఫోన్ సగంలో ఆగిపోయి, మొత్తం చెరిపేస్తే గానీ తెరుచుకోలేదు. మా అమ్మ వాయిస్ మెసేజ్‌లు అలాగే పోగొట్టుకున్నాను. అందరి ధ్యాసా ఫొటోల మీదే. వాట్సాప్ బ్యాకప్ విడిగా తీయాలని గుర్తుండదు. అది వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'చాట్స్' కింద ఉంటుంది. అదయ్యాక ఛార్జర్ పెట్టి, వైఫై మీద మొదలుపెట్టండి.

మారాక రెండు మూడు రోజులు ఫోన్ కాస్త వేడెక్కొచ్చు, ఛార్జింగ్ త్వరగా దిగిపోవచ్చు. టెన్షన్ పడకండి, లోపల సర్దుకుంటోందంతే. నచ్చలేదని పాతదానికి వెళ్లడం మాత్రం తేలిక కాదు, సాధారణంగా డేటా అంతా చెరిగిపోతుంది.

2021లో వచ్చిన ఈ 12లో నాకు తెగ నచ్చింది ఒక ఆకుపచ్చ చుక్క. ఏ యాప్ అయినా కెమెరానో మైకునో వాడుతుంటే పైన కుడి మూలన వెలుగుతుంది. ఓ రోజు నోట్స్ రాసుకునే యాప్ తెరవగానే వెలిగింది. మైకుతో దానికేం పని? అప్పటికప్పుడు అనుమతి తీసేశాను.