డిగ్రీ పిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడం ఎలా నేర్పాలి?

ఫైనల్ ఇయర్ వాళ్లకు మంచి రెజ్యూమే ఫార్మాట్ ఇస్తే సరిపోతుందా అని ఒక లెక్చరర్ అడిగారు, సరిపోదండీ. క్లాసంతా ఒకే ఫార్మాట్, అదే ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’, కింద హాబీలు. చదివేవాళ్లకు మనిషెవరో తెలిసేదేముంది?

ముందు ఒక నిజమైన ఉద్యోగ ప్రకటన తెచ్చి అందరితో చదివించండి. వాళ్లు ఏం అడిగారు, నా దగ్గర ఏముంది, దానికి రుజువేంటి అని ఎవరిది వాళ్లతో రాయించండి. నాన్న ఎరువుల షాపులో స్టాక్ రిజిస్టరు, జీఎస్టీ బిల్లులు, అప్పుల ఖాతా చూసుకునే బీకాం అమ్మాయి అదీ ఒక అనుభవమే అనుకోదు, మనం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప చెప్పదు, కానీ అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు రెజ్యూమేలో అన్నిటికంటే పైన ఉండాల్సింది అదే.

ఇంటర్వ్యూ ప్రాక్టీసు మొదట తెలుగులోనే చేయించండి. చెప్పాల్సింది తేలాక ఇంగ్లీషులోకి వెళ్లొచ్చు. బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్)లో రిజిస్ట్రేషన్ ఉచితం, ల్యాబ్‌లో కూర్చోబెట్టి చేయించేయండి. తెలంగాణలో టాస్క్ (ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ), ఆంధ్రాలో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణలు కూడా చూడండి. స్టైపెండ్ ఇస్తూ పని నేర్పే కేంద్ర ప్రభుత్వ పథకం నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) గురించి మన పిల్లల్లో చాలామందికి అసలు తెలీదు, అదొకటి తప్పకుండా చెప్పండి.

ఇంకోటి, బ్యాక్‌డోర్ ఆఫర్లు, అంటే దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామనేవి. ‘సెక్యూరిటీ డిపాజిట్’ అనో ‘ట్రైనింగ్ ఫీజు’ అనో ఉద్యోగానికి ముందే డబ్బు అడిగితే, ఆఫర్ లెటర్ ఎంత అందంగా ఉన్నా కట్టొద్దని తల్లిదండ్రులను కూడా పిలిచి చెప్పండి, ఎందుకంటే అప్పు తెచ్చి కట్టేది వాళ్లే.