కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఇంట్లో ఇవి ఒకసారి చూసుకోండి

మీరు రాసింది చదువుతుంటే నాలుగేళ్ల కిందటి మా ఇల్లే కళ్లముందు కదిలింది. ఏడేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే ఐదు నిమిషాలు పడుతోందని, హాల్లో వచ్చే వైఫై పడకగదిలోకి వచ్చేసరికి చచ్చిపోతోందని, తెర మీద వైరస్ అని ఏదో వస్తే అమ్మానాన్నలు హడలిపోతున్నారని, అన్నీ తీసేసి కొత్తవి కొనేయాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాదు, భీమవరంలో మాది మామూలు ఇల్లు. మా నాన్నగారు రిటైరయ్యాక బ్యాంకు పనులకీ, ప్రవచనాలు వినడానికీ ల్యాప్‌టాప్ మొదలుపెట్టారు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ మేం పడ్డాం. మొత్తం మీద మాకు అయిన ఖర్చు ఐదు వేలు దాటలేదు.

ముందు నెట్ సంగతి. "నెట్ రావట్లేదు" అని మనం ఒకే మాట అంటాం కానీ, లోపం మూడు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. బయటినుంచి వచ్చే లైన్‌లో, ఇంట్లో వైఫైలో, లేదా మీ మెషీన్‌లోనే. ఏదో తేల్చుకోకుండా రూటర్ మార్చినా, ప్లాన్ పెంచినా డబ్బు దండగ. ఫైబర్ డబ్బా మీద లాస్ అని ఒక లైటు ఉంటుంది (ఎల్, ఓ, ఎస్ అక్షరాలు). అది ఎర్రగా వెలుగుతున్నా, కొట్టుకుంటున్నా బయటినుంచి సిగ్నలే అందట్లేదని అర్థం. అప్పుడు మీరు పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, లైన్ వాళ్లకి ఫోన్ చేయాల్సిందే.

చేసే ముందు ఒక్క పని చేయండి. ఆ డబ్బాలోకి వెళ్లే సన్నటి వైరు ఎక్కడైనా మడతపడిందేమో చూడండి. మా ఇంటికి రంగులు వేయించినప్పుడు పనివాళ్లు బీరువా జరిపి మళ్లీ గోడకి ఆనించారు. సాయంత్రానికి నెట్ పోయింది. రెండు గంటలు కుస్తీ పట్టాక బీరువా వెనక టార్చి వేసి చూస్తే, వైరు గోడకీ బీరువాకీ మధ్య నొక్కుకుపోయి కాగితం మడతలా ఉంది. ఆ వైరులో ఉండేది గాజు పోగు. దాంట్లో వెళ్లేది వెలుతురు. పదునుగా వంచితే వెలుతురు అక్కడే బయటికి పోతుంది. బీరువా జరిపి, వైరుని గుండ్రంగా చుట్టి మేకుకి తగిలించాను. ఎర్ర లైటు ఆరిపోయింది. మా అదృష్టం, లోపల పోగు విరగలేదు.

లైట్లన్నీ బాగానే ఉండి పడకగదిలో మాత్రమే రాకపోతే అది వైఫై సమస్య. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి, తర్వాత పడకగదిలో మంచం మీద కూర్చుని చేయండి. మాకు రూటర్ దగ్గర 90 ఎంబీపీఎస్ దాకా చూపించేది, లోపలి గదిలో ఆరో ఏడో. అంటే ప్లాన్‌లో లోపం లేదు. మాది పాతకాలపు గోడల ఇల్లు, పైగా లైన్ పెట్టిన అబ్బాయి తనకి వీలుగా ఉందని రూటర్‌ని టీవీ వెనక, నేలకి జానెడు ఎత్తులో పెట్టి వెళ్లిపోయాడు. దాని వెనక గోడ, ఆ గోడకి అవతల ఇనప బీరువా. ఇనుమూ, నీళ్లూ, అద్దాలూ వైఫైకి అడ్డం. ఫ్రిజ్, అక్వేరియం, నీళ్ల డ్రమ్ము, నిలువుటద్దం, ఏది అడ్డొచ్చినా అంతే. హాలుకీ లోపలి గదులకీ మధ్యనున్న గుమ్మం పైన గూట్లోకి రూటర్ మార్పించాను. పొడుగు వైరుకీ పనికీ కలిపి నాలుగు వందలు తీసుకున్నారు. అదే మంచం మీద ఇప్పుడు 35 వస్తోంది.

ఇంకొకటి. మీ రూటర్ రెండు పేర్లతో కనిపిస్తుంటే, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. చాలామంది అది ఫోన్లలో వచ్చే 5జీ అనుకుంటారు. కాదు, అది 5 గిగాహెర్ట్జ్. దగ్గర్లో ఉంటే చాలా వేగంగా ఇస్తుంది, గోడ అడ్డొస్తే త్వరగా నీరసపడుతుంది. రెండోది 2.4 గిగాహెర్ట్జ్. వేగం తక్కువే కానీ గోడలు దాటుతుంది. పడకగదిలో ఉన్నప్పుడు 2.4 పేరుకి మారి చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు. రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకు పంపే డబ్బా) కొనాల్సి వస్తే మాత్రం దాన్ని సిగ్నల్ రాని గదిలో పెట్టకండి. దానికే సిగ్నల్ అందకపోతే అది మీకేం ఇస్తుంది? సగం దూరంలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలనివాటికి వైరు లాగేస్తే ఇంకా నయం.

వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే సినిమా సెకనుకి 12 ఎంబీయే దిగుతోందని, మోసం చేస్తున్నారని మా బాబాయిగారు గొడవపడేవారు. ప్లాన్ లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి వందకి పన్నెండున్నరే సరైన లెక్క.

ఇక ల్యాప్‌టాప్. నాన్నగారు రోజూ రాత్రి పద్ధతిగా షట్‌డౌన్ చేసేవారు, అయినా అది రోజురోజుకీ మందగించింది. ఒకరోజు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర చూశాను. అప్ టైమ్ (చివరిసారి పూర్తిగా మొదలై ఎంతకాలమైందో) అన్నచోట 23 రోజులు అని ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదు, లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని పొద్దున్న అక్కడినుంచే లేస్తుంది. పూర్తిగా కడిగి మొదలుపెట్టేది రీస్టార్ట్. వారానికోసారి రీస్టార్ట్ కొట్టండి, చిన్నాచితకా రోగాలు చాలావరకు దానితోనే పోతాయి. అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే చోటికి వెళ్తే, ఆన్ చేయగానే మీరు పిలవకుండానే లేచి కూర్చునే ప్రోగ్రాములన్నీ కనిపిస్తాయి. మా దాంట్లో పద్నాలుగు ఉన్నాయి. ఆడియోకీ, టచ్‌ప్యాడ్‌కీ సంబంధించినవి వదిలేసి మిగతావి డిసేబుల్ చేశాను. అన్‌ఇన్‌స్టాల్ చేసినట్టు కాదు, అవసరమైనప్పుడు మామూలుగానే తెరుచుకుంటాయి.

అసలు మార్పు మాత్రం డిస్క్‌తో వచ్చింది. పెర్ఫార్మెన్స్‌లోనే డిస్క్ పక్కన హెచ్‌డీడీ అని ఉందో ఎస్‌ఎస్‌డీ అని ఉందో చూడండి. హెచ్‌డీడీ అంటే లోపల పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద సూది లాంటిది అటూ ఇటూ వెతుక్కుంటూ చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు, అందుకే చాలా వేగం. పాతదాని స్థానంలో అదే వేయించాను. 2023లో 480 జీబీ ఎస్‌ఎస్‌డీ మూడు వేల లోపే వచ్చింది. ఇప్పటి ధర మీ ఊళ్లో కనుక్కోండి. నాలుగు నిమిషాలు పట్టేది అరనిమిషం లోపే తెరుచుకుంది. నాన్నగారు కొత్తది కొన్నావా అని అడిగారు. ర్యామ్ (తెరిచిన పనులని మెషీన్ తాత్కాలికంగా పెట్టుకునే చోటు) 4 జీబీయే ఉంటే, మీ మోడల్‌లో పెంచే వీలుంటే 8 చేయించండి.

కానీ ఆ డబ్బు పెట్టే ముందు మీది విండోస్ 10 అయితే ఒక మాట. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంట్లో వాడేవాళ్లకి పొడిగింపుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13 అని ప్రకటించారు. విండోస్ 11 పెట్టాలంటే టీపీఎం 2.0 (మెషీన్ భద్రత కోసం ఉండే చిప్ లాంటిది) ఉండాలి, ప్రాసెసర్ మరీ పాతది కాకూడదు. పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత ప్రోగ్రామ్ మీ మెషీన్‌కి కుదురుతుందో లేదో చెప్పేస్తుంది. కుదరకపోతే, ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో నన్ను నిజంగా కలవరపెట్టిన భాగానికి వస్తాను, అమ్మానాన్నలు చూస్తున్న ఆ వైరస్ హెచ్చరిక. ఇది మా ఇంట్లో ఎంతదాకా వెళ్లిందో చెప్తాను.

నాన్నగారు ఒకరోజు స్తోత్రం పీడీఎఫ్ కోసం ఏదో సైట్‌కి వెళ్లారు. అక్కడ మూలన చిన్న పెట్టె వచ్చి అలౌ, బ్లాక్ అని అడిగింది. అలౌ నొక్కితేనే పుస్తకం వస్తుందనుకుని నొక్కారు. మర్నాటినుంచి తెర కుడి కింద మూలన "మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లున్నాయి" అని ఇంగ్లీషులో రావడం మొదలైంది. రెండు రోజులు ఓపిక పట్టి మూడోరోజు దాని మీద నొక్కారు. తెరంతా ఎర్రగా అయి, బీప్ బీప్ అని చెవులు చిల్లులు పడేలా మోత. మౌస్ కదిలినా మూసే గుర్తు ఎక్కడా లేదు. మధ్యలో ఒక ఫోన్ నంబరు. చేశారు. అవతల మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి తెర చూసే యాప్ ఒకటి వేయించి, దాంట్లో వచ్చిన నంబరు చదవమన్నాడు. ఆ నంబరు నాన్నగారి చేతిరాతతో మా గోడ క్యాలెండర్ అంచున ఇప్పటికీ ఉంది. బ్యాంకు సైట్ తెరవండి, డబ్బులు భద్రంగా ఉన్నాయో లేదో చూద్దాం అన్నదాకా వచ్చింది. అమ్మకి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేసింది. "అమ్మా, ముందు రూటర్ స్విచ్ ఆపేయ్" అన్నాను. ఆపేసింది. డబ్బు పోలేదు.

ఆ తెర ఒక మామూలు వెబ్ పేజీ మాత్రమే, ఫుల్ స్క్రీన్ చేసి భయపెడుతుంది. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకుంటే చిన్నదవుతుంది. అవ్వకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ కాకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మూలన వచ్చే హెచ్చరికలు ఆగాలంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలౌ కింద ఉన్న తెలియని పేర్లన్నీ తీసేయండి. మా దాంట్లో పదకొండు దొరికాయి. అసలు ఏ సైటూ అడగకుండా కూడా అక్కడే పెట్టుకోవచ్చు, నేను అలాగే పెట్టాను. యాంటీవైరస్ కొనాల్సిన పని లేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. నిజమైన హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాసి ల్యాప్‌టాప్ మూత మీద అతికించాం.

ఒకవేళ ఎవరైనా అప్పటికే లోపలికి వచ్చేస్తే నెట్ తీసేసి, ఆ యాప్ తొలగించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దని, బ్యాంకు కార్డు వెనక ఉన్న నంబరుకే చేయమని పెద్దవాళ్లకి చెప్పండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఇదీ చెప్పండి.

ఆ రోజు నేను ఇంటికెళ్లేసరికి నాన్నగారు ల్యాప్‌టాప్ మూసేసి పక్కన కూర్చుని ఉన్నారు. జీవితమంతా లెక్కలు చూసిన మనిషి తలెత్తలేదు. ఒక్క మాట కూడా అనలేదు నేను. దయచేసి మీరూ అనకండి. ఒకసారి కసురుకుంటే రెండోసారి జరిగినప్పుడు మనకి చెప్పరు, ఆ మోసగాళ్లకి కావాల్సిందీ అదే. ఇప్పుడు ఏ అనుమానం వచ్చినా నాన్నగారు ఫోన్‌తో తెర ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. మీటింగ్‌లో ఉన్నా సరే వెంటనే చూసి జవాబిస్తాను.

ఎస్‌ఎస్‌డీ వేయించడానికి వెళ్లేముందు ఫోటోలు వేరేచోట కాపీ చేసుకోండి. మా చెల్లి పెళ్లి ఫోటోలు ఒకే హార్డ్ డిస్క్‌లో ఉండేవి. అది ఒకరోజు టక్ టక్ మని శబ్దం చేసి ఆగిపోయింది, సగం ఫోటోలు తిరిగి రాలేదు. ఇప్పుడు రెండు డిస్కుల్లో ఉంచుతున్నాం, ఒకటి చెల్లి ఇంట్లో. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ పంచుకుంటాయి కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

మీ అమ్మగారికి తెలుగు టైపింగ్ కావాలన్నారు. విండోస్ భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. మా అమ్మ రెండు వారాల్లో నేర్చుకుని ఆవకాయ కొలతలన్నీ టైప్ చేసి చెల్లికి పంపింది.

మీ డిస్క్ హెచ్‌డీడీయో ఎస్‌ఎస్‌డీయో, ర్యామ్ ఎంతో, పీసీ హెల్త్ చెక్ ఏమందో చూసి రాయండి. ఎస్‌ఎస్‌డీ వేయించడం దండగో కాదో దాన్ని బట్టి చెప్తాను.