జోన్ వదిలేసే ముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

సోమవారం నుంచి మీ బాస్కెట్‌బాల్ టీమ్ చేత జోన్ (ఎవరి చోటు వాళ్లు కాసే పద్ధతి) ఆపేసి మొత్తం మ్యాన్ టు మ్యాన్ (ఒక్కో మనిషిని ఒక్కొక్కరు కాసే పద్ధతి) ఆడిస్తానన్నావట, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మ్యాచ్ ఓడిన రెండు రోజులకే కళ్లు తుడుచుకుని టీమ్ గురించి ఆలోచిస్తున్నావంటే మేనమామగా గర్వంగానే ఉంది. కానీ ఆ నిర్ణయం నీదా, గ్యాలరీలో అరిచినవాళ్లదా అన్నదే నా టెన్షన్.

ఆ గ్యాలరీలో నేనూ ఉన్నాను. మూడో క్వార్టర్ నుంచే మొదలెట్టారు మీ సీనియర్లు. జోన్ ఆడితే త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడవా అని ఒకడు, కోర్టంతా వెంటపడి అడ్డుకునే ఫుల్ కోర్ట్ ప్రెస్ చేయాల్సిందని ఇంకొకడు. మ్యాచ్ అయ్యాక బందరు రోడ్డులో టీ బండి దగ్గరా అదే గోల. అభిమానం కొద్దీ అంటారు, కాదనను. కాకపోతే అందరి కళ్లూ బంతి మీదే ఉంటాయి.

ముందు స్కోర్ షీట్ తెప్పించుకో. త్రీ పాయింటర్ వేసినవాళ్ల నంబర్ చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. ఆ సున్నాలు లెక్కపెట్టు. నా కంటికైతే మీ కొంప ముంచింది త్రీలు కాదు, రీబౌండ్లు, అంటే షాట్ పడక వెనక్కొచ్చే బంతులు. వాళ్లు షాట్ వేసిన ప్రతిసారీ మీ వెనక లైన్‌లో ముగ్గురూ రింగు వైపు తలెత్తి నిలబడిపోయారు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడే టూ-త్రీ జోన్‌లో ఫలానా మనిషి నాది అని ముందే ఉండదు. షాట్ లేవగానే దగ్గరున్న మనిషిని వెతికి వీపుతో అడ్డుకోవాలి. అది చేయకపోతే రింగుకు తగిలిన బంతి వాళ్ల చేతికే పోతుంది, వాళ్లు షాట్ వేయాల్సిన క్లాక్ మళ్లీ 14 సెకన్లకు వస్తుంది, మీరు మళ్లీ కాపలా కాయాలి. చివరి క్వార్టర్‌లో మీ కాళ్లు కదలకపోవడానికి అదే కారణం. మ్యాన్ టు మ్యాన్‌కి మారినంత మాత్రాన ఈ జబ్బు పోదు.

మా కాలేజీ రోజుల్లో, 20 నిమిషాల హాఫ్‌లు రెండు ఉన్న కాలంలో, అచ్చం ఇలాగే జరిగింది. ఒక మ్యాచ్ ఓడగానే మా కెప్టెన్ ఊరందరి మాటా విని జోన్ తీసేశాడు. తర్వాతి మ్యాచ్ ఏప్రిల్ ఎండలో, సిమెంటు కోర్టు మీద. అంతసేపు మనిషి వెంట పరిగెత్తే ఊపిరి మాలో ఎవరికీ లేదు. వెనకబడ్డవాడు చెయ్యి వేయడం, ఈల పడటం. రింగు దగ్గర ఆడే మా సెంటర్‌కి హాఫ్ టైమ్‌కే నాలుగు ఫౌల్స్. కాసేపటికి ఐదోది, ఇక ఆట నుంచి బయటికే. రిఫరీ ఐదు వేళ్లూ చాపి చూపిస్తే, వాడు నమ్మలేక తన చేతి వంక చూసుకున్నాడు. మ్యాన్ టు మ్యాన్ కావాలన్నవాళ్లే వాణ్ణి తిట్టారు. కెప్టెన్ అడ్డుపడకపోగా, ఆ రాత్రి హాస్టల్లో అందరి ముందూ ‘నీవల్లే ఓడాం’ అన్నాడు. మర్నాడు వాడు ప్రాక్టీసుకి రాలేదు. చదువైపోయేదాకా మళ్లీ కోర్టు ఛాయలకే రాలేదు. వాడంత ఎత్తు ఎగిరేవాణ్ణి మా జిల్లాలో నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మొన్న చివర్లో రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్లు) పోగొట్టిన పిల్ల పేరు టీ బండి దగ్గర పదే పదే విన్నాను. నాకు నిద్ర పట్టనిది అందుకే. రెండోది పోయినప్పుడు నువ్వు దాని వంక చూసి చేతులు విదిలించావు. తప్పమ్మా. అందరూ చూశారు, అదీ చూసింది. అలసటలో చేశావని నాకు తెలుసు, దానికి తెలియదుగా. సోమవారం దాకా ఆగకు, ఇవాళే దాని రూముకి వెళ్లు.

మీ కోచ్ గారితో మాట్లాడకుండా టీమ్‌కి ఏమీ చెప్పకు. నీళ్లు తాగండి, నిద్రపోండి. జోన్ ఉంచుకుంటూనే, రోజూ ప్రాక్టీసు మొదట్లో వీపుతో అడ్డుకోవడం ఒక్కటే చేయించు. మ్యాన్ టు మ్యాన్ కూడా నేర్పు, కానీ మ్యాచ్‌లో క్వార్టర్‌కి రెండు మూడు నిమిషాలతో మొదలుపెట్టు. క్వార్టర్‌లో మీ టీమ్ మొత్తం కలిపి చేసే ఐదో ఫౌల్ నుంచి వాళ్లకి ఫ్రీ త్రోలు వస్తాయి, అది మనసులో ఉంచుకో.

ఆదివారం పొద్దున్నే వస్తాను. షీట్ జిరాక్స్ తీయించి ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య