మెట్రో పక్కన ఇల్లు కొంటున్న మేనకోడలికి

అమ్మలూ, నీకూ అల్లుడుగారికీ ఆశీస్సులు.

ఉప్పల్‌లో ఫ్లాటు చూశామని, మెట్రో స్టేషనుకు అయిదు నిమిషాల నడకేనని, అందుకే వెనక వీధి ఫ్లాటు కంటే పది లక్షలు ఎక్కువ చెబుతున్నారని రాశావు. అడ్వాన్సు ఇచ్చే ముందు మామయ్యను ఒక మాట అడగమని మీ అమ్మ అన్నదట. ఒక మాటతో తేలేది కాదు కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. బ్యాంకులో ఇరవై ఏళ్ళకు పైగా ఇళ్ళ అప్పుల కాగితాలు చూసినవాడిని. తార్నాకలో మెట్రో స్తంభాలు లేవకముందు నుంచీ కాపురం ఉన్నవాడిని. ఆ మాత్రం అధికారం ఉందనుకో.

నిన్న నీకు చెప్పకుండానే ఆ ఫ్లాటు దాకా వెళ్ళి వచ్చాను. ఉప్పల్ ప్లాట్‌ఫారం మీద దిగి, గడియారం చూసుకుని నడక మొదలుపెట్టాను. మెట్లు దిగేసరికి రెండు నిమిషాలు. తరవాత కాలిబాట ఉంది కానీ దాని మీద ట్రాన్స్‌ఫార్మరు, దాన్ని ఆనుకుని చెరుకురసం బండి, ఆ పక్కన వరసగా మోటారు సైకిళ్ళు. రోడ్డు మీదికి దిగి, వెనక నుంచి వచ్చే బస్సును చూసుకుంటూ నడవాలి. సందు మలుపులో మ్యాన్‌హోలు పొంగి మడుగు కట్టింది. ఎవరో రెండు ఇటుకలు వేశారు, వాటి మీద అడుగులు వేస్తూ దాటాను. మీ అపార్టుమెంటు గేటు దగ్గర గడియారం చూస్తే పద్నాలుగు నిమిషాలు. మోకాళ్ళు అరిగిన నా లెక్క అది. నీకు పదకొండు అనుకో. అయిదు మాత్రం కాదు. ఆ ఏజెంటు బండి మీద వెళ్ళి లెక్క కట్టి ఉంటాడు.

అక్కడితో ఆగకుండా వెనక వీధి ఫ్లాటు దాకా కూడా నడిచాను. మరో ఆరు నిమిషాలు పట్టింది. ఈ ఆరు నిమిషాల సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మెట్రో వల్ల ఇంటి ధర పెరుగుతుందా అంటే పెరుగుతుంది. నా కళ్ళతో చూశాను. కాకపోతే జనం అనుకున్నప్పుడు పెరగలేదు, అనుకున్నందుకూ పెరగలేదు. నాగోలు నుంచి మెట్టుగూడ దాకా 2015 ఉగాదికే రైలు నడుస్తుందన్నారు. జనం ఎక్కింది 2017 నవంబరు 29న. ఈలోగా మా రోడ్డు నిండా తవ్వకాలు, ఇనుప రేకుల అడ్డుగోడలు, ఆరేసిన బట్టల మీద సిమెంటు దుమ్ము. మా పై అంతస్తులో ఉండే ఆయన విసిగిపోయి 2014లో అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు కనిపించినప్పుడల్లా ధర అడుగుతాడు, చెప్పాక కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోతాడు. రైలు వచ్చాక కూడా మా వీధి వెంటనే మారలేదు. అమీర్‌పేట దాకా వెళ్ళి దిగి, మళ్ళీ ఆటో ఎక్కే అవస్థ ఉండేది. 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, ఆ నవంబరులో రాయదుర్గం దాకా పొడిగించారు. అప్పటి నుంచే అద్దె ఇల్లు కావాలంటూ ఐటీ పిల్లలు మా గేటు తట్టడం మొదలైంది. స్టేషను ఇంటి పక్కన ఉంటే చాలదు, ఆ రైలు మన పని ఉన్న చోటికి నేరుగా వెళ్ళాలి. మీ ఇద్దరి ఆఫీసులూ రాయదుర్గంలోనే కనుక ఆ విషయంలో మీ ఎంపికకు వంక పెట్టను. పైగా నాగోలు తరవాతి స్టేషనే ఉప్పల్ కాబట్టి పొద్దున్న సీటు దొరుకుతుంది. తార్నాకలో ఎక్కే మాకు కమ్మీ పట్టుకుని నిలబడడమే.

ఆ ఏజెంటు ‘రేపు నాగోలు నుంచి ఎయిర్‌పోర్టుకు కూడా లైను పడుతుంది, ధర రెట్టింపు అవుతుంది’ అని కూడా అన్నాడని రాశావు. పడితే సంతోషమే, నేనూ ఎక్కుతాను. కానీ రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా ఎయిర్‌పోర్టు మెట్రోకు 2022 డిసెంబరులో ముఖ్యమంత్రి చేతుల మీదుగా శంకుస్థాపనే జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ దారి పక్కన పెట్టారు, నాగోలు, ఎల్బీ నగర్ మీదుగా కొత్త దారి అన్నారు. ఆ మొదటి దారిని నమ్మి ఎక్కువ పోసి కొన్నవాళ్ళ సంగతి ఆలోచించు. రైలు తిరుగుతున్న స్టేషనుకు డబ్బు ఇవ్వు. మ్యాపులో చుక్కల గీతకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

ధర నిజమో గాలో తేల్చుకోవడానికి బ్యాంకులో ఉన్నప్పుడు నేనొక పని చేసేవాడిని. అమ్మకం ధర పక్కన పెట్టి అద్దె అడిగేవాడిని. కొనేవాడు రేపటి ఆశకు కూడా డబ్బు పోస్తాడు. అద్దెకు దిగేవాడు ఈ నెల సుఖానికి మాత్రమే ఇస్తాడు. నిన్న రెండుచోట్లా వాచ్‌మన్లను కదిపాను. రెండు పడకగదుల ఇంటికి మీ ఫ్లాటు ఉన్నచోట ఇరవై రెండు వేలు, వెనక వీధిలో ఇరవై ఒకటి. నెలకు వెయ్యి రూపాయల తేడాకు పది లక్షలా!

ఇక వడ్డీ లెక్క. పది లక్షల అదనపు అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకు నెలవాయిదా సుమారు 8,680 రూపాయలు. కారు పెట్రోలుకు, క్యాబులకు కలిపి నెలకు పద్నాలుగు వేలు అవుతోందన్నావు. మెట్రోలో అంత దూరానికి గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు వేసుకున్నా, రానుపోను ఇద్దరికీ ఇరవై రెండు రోజులకు 6,072. అంటే ఎనిమిది వేలకు కాస్త తక్కువగా మిగులుతుంది. ‘చూశావా మామయ్యా, దాదాపు సరిపోయింది’ అంటావని తెలుసు. అల్లుడుగారూ అదే అంటారు. కానీ వెనక వీధి ఫ్లాటులో ఉన్నా మీరు ఎక్కేది ఇదే మెట్రో కదమ్మా! ఆ ఎనిమిది వేలు అక్కడ ఉన్నా మిగులుతాయి. నువ్వు పది లక్షలు పోసి కొంటున్నది ఆరు నిమిషాల నడక మాత్రమే. రేపు అమ్మేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది, కాదనను. రెండు మూడు లక్షల తేడా అయితే నేనూ సరే అనేవాడిని.

మరీ దగ్గర అయితే వేరే బాధలు ఉన్నాయి. మా చెల్లెలి వరస ఆవిడ ఇల్లు మెయిన్ రోడ్డు మీద, రెండో అంతస్తు, రైలు పట్టాలకు ఎదురుగా. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రం వేలితో రాస్తే నల్లగా అంటుకుంటుంది. రైలులో నిలబడినవాళ్ళకు ఆవిడ హాలు కనిపిస్తుంది కనుక పరదా తీసే వీలు లేదు. పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాటేదాకా అంతే. మా గేటు సంగతైతే, స్టేషనులో పార్కింగుకు డబ్బు ఎందుకు దండగని ఎవరో ఒకరు బండి అడ్డంగా పెట్టి రాయదుర్గం వెళ్ళిపోతారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా మా కారు లోపలే.

ఫ్లాటుతో పాటు నీ పేర రాసే భూమి వాటా ఎన్ని గజాలో నువ్వు అడగలేదు, నేను అడిగాను. మీ ఫ్లాటుకు ఇరవై ఎనిమిది గజాలు, వెనక వీధి దానికి యాభై రెండు. అది పన్నెండేళ్ళ పాత భవనమని మొహం చిట్లించావట. గోడలు పాతబడుతూనే ఉంటాయి. మెట్రో వచ్చి ధర పెంచేది నేలకు. ఆ నేల ఎవరి పత్రంలో ఎక్కువ ఉందో చూడు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇంతకు ముందు చేతులు మారిన పత్రాలు) నాకు పంపు, నేను చూస్తాను. రోడ్డు విస్తరణలో ఏమైనా పోతుందేమో మునిసిపల్ ఆఫీసులో అల్లుడుగారిని కనుక్కోమను.

శుక్రవారం ఆఫీసు నుంచి సరాసరి వచ్చి ఉప్పల్‌లో దిగు. ఏడింటికి మెట్ల కింద ఉంటాను. హీల్స్ వేసుకోకు, ఇటుకల మీద నడవాలి. ముందు వెనక వీధి ఫ్లాటు తాళం తీయిద్దాం. తరవాత ఇంటికి వద్దువు గాని, అత్తయ్య గుత్తి వంకాయ చేస్తానంది.

మీ మామయ్య