ప్రీమియం 650 నుంచి 2,240కి పెరిగితే: ప్లాన్ మానేయకండి, ముందు ఆదాయం లెక్క చూడండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు 57, మా ఆవిడకు 54. ఇద్దరికీ గ్రీన్ కార్డ్ ఉంది. పిల్లలు స్థిరపడ్డారు, ఇప్పుడు మా ఇద్దరిదే ట్యాక్స్ రిటర్న్. 1099 మీద (జీతం కాకుండా సొంత కాంట్రాక్టుగా) ఐటీ కన్సల్టింగ్ చేస్తాను, ఖర్చులు పోను ఏడాదికి 86,000 డాలర్లు మిగులుతాయి. గుంటూరులో ఇంటి అద్దె, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీ కలిపి మరో 12,000 వస్తుంది. ఒబామాకేర్ సిల్వర్ ప్లాన్‌కు 2025లో నెలకు 650 కట్టాం. ఈ ఏడాది అదే ప్లాన్‌కు 2,240 కడుతున్నాం. నాకు షుగర్, బీపీ ఉన్నాయి. ఇంత కడుతున్నా మా ఆవిడ కొలనోస్కోపీకి 1,870 డాలర్ల బిల్లు పంపారు. ఒక ఏజెంటు నెలకు 600కే ఇంకో ప్లాన్ ఇస్తానంటున్నాడు. ఇది మానేసి అందులో చేరమంటారా? గుంటూరు దగ్గర స్థలం కూడా అమ్మే ఆలోచనలో ఉన్నాం.

జవాబు: మానేయకండి. మీ ఆదాయం ప్రీమియం సబ్సిడీకి హద్దుగా ఉన్న ఒక గీతకు సుమారు 7,400 డాలర్లు పైన ఉంది. దాన్ని చట్టబద్ధంగానే గీత కిందికి తేవచ్చు. తెస్తే ఈ ఏడాదికి 18,500 డాలర్లకు పైగా సబ్సిడీ వస్తుంది.

ముందు 650 కాస్తా 2,240 ఎందుకైందో చూద్దాం. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ (ఏసీఏ, అదే ఒబామాకేర్) ప్రకారం ఫెడరల్ పేదరిక రేఖకు నాలుగు రెట్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకే ప్రీమియం సబ్సిడీ. 2021లో కోవిడ్ సాయం చట్టం ఆ పరిమితిని ఎత్తేసి, ఆదాయం ఎంతున్నా బెంచ్‌మార్క్ (సబ్సిడీ లెక్కకు కొలమానంగా తీసుకునే) సిల్వర్ ప్లాన్‌కు ఆదాయంలో 8.5 శాతం మించి కట్టనక్కర్లేదంది. 2025లో మీరు కట్టిన 650 అలా వచ్చిందే. ఆ సడలింపు 2025 డిసెంబర్ 31తో ముగిసి పాత గీత తిరిగొచ్చింది. ఇద్దరున్న కుటుంబానికి 2026లో ఆ గీత 84,600 డాలర్లు. దాని కింద ఉంటే మీ వాటా ఆదాయంలో 9.96 శాతం దాటదు. ఒక్క డాలరు పైన ఉన్నా సబ్సిడీ సున్నా. మీ కోపం న్యాయమైనదే. యాభై దాటినవాళ్ళకు ఈ గీత మరీ కటువుగా తగులుతుంది, ఎందుకంటే వయసు పెరిగేకొద్దీ పూర్తి ప్రీమియం పెరుగుతూ పోయి, 64 ఏళ్ళకు 21 ఏళ్ళవాళ్ళకు మూడు రెట్లవుతుంది.

ఇప్పుడు మీ లెక్క. 86,000కు ఇండియా ఆదాయం 12,000 కలిపితే 98,000. అందులోంచి సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో సగం, సుమారు 6,080, తీసేస్తే 92,000 దగ్గర నిలుస్తుంది. మార్కెట్‌ప్లేస్ (ఒబామాకేర్ ప్లాన్లు అమ్మే ప్రభుత్వ వేదిక, మీకు హెల్త్‌కేర్ డాట్ గవ్) చూసేది ఈ అంకెనే. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడ చూపక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అమెరికాలో దానిపై పన్ను ఉంది, ఈ లెక్కలోకీ వస్తుంది. అద్దె విషయంలో మాత్రం మీకు కొంత వెసులుబాటు ఉండవచ్చు. అద్దె ఆదాయం చూపే ట్యాక్స్ ఫారం షెడ్యూల్ ఈలో ఇంటి పన్ను, మరమ్మతులు, కట్టడం విలువపై తరుగుదల తీసేశాక మిగిలేదే ఆదాయం. మీరు చెప్పిన 12,000లో అద్దె మొత్తాన్ని అలాగే వేసేసి ఉంటే, తరుగుదల తీశారో లేదో మీ సీపీఏను (ట్యాక్స్ అకౌంటెంటును) అడగండి.

గీత కిందికి దిగడానికి మీకున్న నేరైన దారి ట్రెడిషనల్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా. యాభై దాటినవాళ్ళకు 2026 పరిమితి 8,600. ఉద్యోగం తరఫున రిటైర్మెంట్ ప్లాన్ మీ ఇద్దరికీ లేదనుకుంటే వేసినదంతా ఆదాయంలోంచి తగ్గుతుంది. మీ పేర 8,600 వేస్తే 92,000 కాస్తా 83,400 అవుతుంది. అందులో 9.96 శాతం అంటే ఏడాదికి 8,307, నెలకు 692. మీ సిల్వర్ ప్లానే బెంచ్‌మార్క్ అనుకుంటే మిగతా 1,548 నెలనెలా సబ్సిడీయే. పైగా ఆ 8,600 మీ సొమ్ముగానే ఉంటుంది. మీకు 59న్నర ఏళ్ళు నిండేవరకు తీయకుండా ఉంటే చాలు, అదీ ఎంతో దూరం లేదు. పన్ను కట్టేసిన డబ్బు వేసే రాత్ ఐఆర్‌ఏలో వేస్తే మాత్రం ఆదాయం తగ్గదు. ఈ పొరపాటు చాలా ఇళ్ళలో జరుగుతుంది.

84,600కు 83,400 మరీ దగ్గర. డిసెంబర్‌లో ఒక ఇన్‌వాయిస్ ముందుగా చేతికొచ్చినా గీత దాటిపోతారు. అందుకే మీ ఆవిడ పేర కూడా ఒక 4,000 వేయండి. ఆమెకు సంపాదన లేకపోయినా మీ సంపాదన మీద ఆమె పేర ఐఆర్‌ఏ తెరవవచ్చు. ఇందులో ఇంకో మేలుంది: 2026 ఖాతాకు 2027 ఏప్రిల్ 15 వరకు డబ్బు వేయవచ్చు. అంటే ఏడాది ముగిసి, 1099లన్నీ చేతికొచ్చి, మార్చిలో అసలు ఆదాయం తేలాక ఎంత కావాలో అంతే వేసి గీత కిందికి రావచ్చు. ఆ డబ్బును మాత్రం అప్పటివరకు పక్కన పెట్టి ఉంచండి.

మీ చేతి నుంచి కట్టే ప్రీమియంను కూడా స్వయం ఉపాధి మినహాయింపు కింద ఆదాయంలోంచి తీసేయవచ్చు. కానీ ఇది ముడి. సబ్సిడీ తేలాలంటే ఆదాయం తెలియాలి, ఆదాయం తేలాలంటే ఆ మినహాయింపు తెలియాలి, మినహాయింపు తేలాలంటే మళ్ళీ సబ్సిడీ తెలియాలి. ఈ ముడి విప్పే పద్ధతి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 974లో ఉంది. మంచి ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. గీత అంచున ఉన్నవాళ్ళు దీని ఒక్కదాని మీదే భారం వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఐఆర్‌ఏతో గీత కిందికి దిగి, దీన్ని పైన వచ్చే లాభంగా చూడండి.

ప్రమాదం కూడా చెప్పాలి. ఆదాయ అంచనాతో నెలనెలా ముందుగా తీసుకున్న సబ్సిడీ అసలు ఆదాయానికి తగినదాని కన్నా ఎక్కువైతే, ఇదివరకు గీత లోపలున్నవాళ్ళు తిరిగి కట్టాల్సిన మొత్తానికి ఒక హద్దుండేది. 2025 జూలైలో వచ్చిన చట్టం 2026 నుంచి ఆ హద్దును తీసేసింది. గీత దాటితే 18,500 మొత్తం వెనక్కి కట్టాల్సిందే.

ఈ వారంలోనే హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో మీ అప్లికేషన్ తెరిచి ఆదాయం మార్చండి. మినహాయింపుల పేజీలో ఐఆర్‌ఏ మొత్తాన్ని రాయండి. రుజువులు అడిగితే సాధారణంగా 90 రోజుల గడువిస్తారు. ఇన్‌వాయిస్‌లు, లాభనష్టాల పట్టిక, ఐఆర్‌ఏ స్టేట్‌మెంట్ సిద్ధంగా పెట్టుకోండి. ఇప్పటిదాకా పూర్తి ధర కట్టిన నెలల సొమ్ము పోదు. మార్కెట్‌ప్లేస్ నుంచి ఫారం 1095-ఏ వచ్చాక, ట్యాక్స్ రిటర్న్‌లో సబ్సిడీ లెక్క తేల్చే ఫారం 8962 నింపితే రిఫండ్‌లో వస్తుంది. అయితే ప్లాన్ మార్కెట్‌ప్లేస్ ద్వారా కొన్నదై ఉండాలి. కంపెనీ దగ్గర నేరుగా కొన్న ప్లాన్‌కు ఆదాయం ఎంత తక్కువున్నా రూపాయి రాదు.

స్థలం సంగతి ఇక్కడే ముడిపడి ఉంది. ఇండియాలో భూమి అమ్మితే వచ్చే లాభం ఆ ఏడాది మీ అమెరికా ఆదాయంలో కలుస్తుంది. లాభం పెద్దదైతే ఎంత ఐఆర్‌ఏ వేసినా గీత దాటుతారు. కాబట్టి అమ్మకపు ఖర్చుల్లో ఆ ఏడాది పోయే సబ్సిడీని కూడా వేసుకుని ధర మాట్లాడుకోండి. ఈ ఏడాది సబ్సిడీ తీసుకోబోతున్నారు కాబట్టి రిజిస్ట్రేషన్ 2026లో పెట్టుకోకండి. ఎప్పుడు అమ్మినా ఒకే ఏడాదిలో పూర్తి కానివ్వండి. కొనేవాళ్ళు సగం డిసెంబర్‌లో, సగం వచ్చే ఏడాది ఇస్తామంటే లాభం రెండేళ్ళకు పంచుకుపోయి, రెండేళ్ళూ సబ్సిడీ పోవచ్చు. అలా పంచకుండా ఒకే ఏడాదిలో చూపే వీలుంది, ఆ సంగతి రిటర్న్ వేసే ముందే సీపీఏకు చెప్పాలి.

మీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సబ్సిడీ అర్హత నిలుస్తుంది. హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉండి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ తీసుకుంటున్నవాళ్ళకు అదే 2025 చట్టం 2027 నుంచి ఆ అర్హతను తీసేస్తోంది. అలాంటి ఇళ్ళలో ఎవరికైనా ఉద్యోగం తరఫున ఇన్సూరెన్స్ దొరికే అవకాశం ఉంటే ఇప్పుడే కనుక్కోవడం మంచిది.

ఏజెంటు చెప్పే 600 డాలర్ల ప్లాన్ గురించి మూడే ప్రశ్నలడగండి, జవాబులు కాగితం మీద తీసుకోండి. మునుపటి జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా? ఏడాదికి మా చేతి నుంచి పోయే ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఎంత? ఇది హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో కనిపించే ప్లానేనా? మీ వయసు ఇద్దరికి, సబ్సిడీ లేకుండా 600కు అసలైన ఏసీఏ ప్లాన్ దొరకదు. అది షార్ట్ టర్మ్ ప్లానో, ఆసుపత్రిలో రోజుకు ఇంత అని ఇచ్చే ఇండెమ్నిటీ పాలసీనో, ఖర్చులు పంచుకునే షేరింగ్ సంఘమో అయి ఉంటుంది. షుగర్, బీపీ ఉన్న మీకు గుండె సమస్య వచ్చిననాడు ‘పాత జబ్బు’ అని చేతులెత్తేసే పాలసీలు ఇవి. పైగా ఇప్పుడున్న ప్లాన్‌కు ప్రీమియం మానేసి పోగొట్టుకుంటే ఏడాది మధ్యలో తిరిగి చేరే హక్కు పుట్టదు. జనవరి 1 దాకా ఆగాల్సిందే.

ఇక కొలనోస్కోపీ బిల్లు. 45 దాటినవాళ్ళకు, లక్షణాలేమీ లేకుండా చేసే స్క్రీనింగ్ కొలనోస్కోపీ నెట్‌వర్క్ లోపల పూర్తిగా ఉచితం. పరీక్షలో పాలిప్ కనబడి తీసేసినా, దాన్ని ల్యాబ్‌కు పంపినా, మత్తు ఇచ్చినా అదంతా స్క్రీనింగ్‌లో భాగమే. తప్పు ఎక్కువగా కోడింగ్‌లో జరుగుతుంది. పాలిప్ తీశాక బిల్లింగ్ వాళ్ళు దాన్ని రోగ నిర్ధారణ పరీక్షగా రాసేస్తారు. ఆ వెంటనే డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యే ముందు మీరు పెట్టుకోవాల్సిన ఖర్చు) పడుతుంది. ముందు ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి అంశాలవారీ బిల్లు తెప్పించుకోండి. మొదటి డయాగ్నసిస్ కోడ్ స్క్రీనింగ్‌ను చెప్పే జెడ్12.11 అయి ఉందా, ప్రొసీజర్ కోడ్ పక్కన 33 అనే మాడిఫయర్ ఉందా చూడండి. లేకపోతే సరిచేసి మళ్ళీ పంపమనండి. చాలా బిల్లులు ఇక్కడే తీరిపోతాయి. ఎవరితో ఏ తేదీన మాట్లాడారో రాసిపెట్టుకోండి, అది తేలేదాకా ఆ 1,870 కట్టకండి. బిల్లు వివాదంలో ఉందని, కలెక్షన్స్‌కు పంపవద్దని ఆసుపత్రికి రాతపూర్వకంగా చెప్పండి. మత్తు డాక్టరు నెట్‌వర్క్ బయటివాడని అదనంగా వేసి ఉంటే, 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ఆ భారం మీమీద పడనివ్వదు.

అప్పటికీ ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోకపోతే, నిరాకరణ అందిన 180 రోజుల లోపు అప్పీల్ వేయాలి. జరిగిపోయిన వైద్యానికి వాళ్ళు 60 రోజుల్లో తేల్చాలి. అప్పీల్‌కు డాక్టరు రాసిన స్క్రీనింగ్ ఆర్డరు జతచేయండి. అక్కడా కాదంటే నాలుగు నెలల లోపు బయటి సంస్థ చేత సమీక్ష కోరవచ్చు. టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఫిర్యాదు చేయడానికి ఖర్చేమీ లేదు.

నవంబర్ 1న వచ్చే ఏడాది ప్లాన్ల ఎన్‌రోల్‌మెంట్ తెరుచుకున్నాక సిల్వర్ వదిలేయండి. సిల్వర్‌కు ప్రత్యేకంగా దొరికే డిడక్టబుల్ తగ్గింపు పేదరిక రేఖకు రెండున్నర రెట్ల లోపు ఆదాయానికే, మీకు రాదు. టెక్సాస్‌లో చాలాచోట్ల గోల్డ్ ప్లాన్లు సిల్వర్ కన్నా చవక. ప్రశ్నతో పాటు మీరు పంపిన ఈ ఏటి ధరల్లోనూ గోల్డ్ (చికిత్స ఖర్చులో మీ వాటా తక్కువ) 2,130, బ్రాంజ్ (మీ వాటా ఎక్కువ) 1,690 ఉన్నాయి. 1,548 సబ్సిడీ పోతే గోల్డ్ నెలకు 582, బ్రాంజ్ 142. ఒకరికి పెద్ద జబ్బు చేసి, మీ చేతి ఖర్చుకున్న గరిష్ఠ పరిమితి (బ్రాంజ్‌లో 10,000, గోల్డ్‌లో 7,800 అనుకుందాం) దాకా ఖర్చయిందనుకోండి. బ్రాంజ్‌లో ఏడాది ప్రీమియం 1,704కు 10,000 కలిపి 11,704, గోల్డ్‌లో 6,984కు 7,800 కలిపి 14,784. అంటే చెడ్డ ఏడాదిలోనూ బ్రాంజే తక్కువ. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లాన్లన్నిటికీ హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) అర్హత వచ్చింది. ఇద్దరికీ కలిపి 8,750, మీకు 55 దాటింది కాబట్టి మరో 1,000 వేయవచ్చు. అదీ గీత లెక్కలోంచి తగ్గుతుంది.

బ్రాంజ్‌తో చిక్కు జనవరిలోనే 10,000 బిల్లు రావచ్చన్నది. అంత నగదు బ్యాంకులో లేకపోతే గోల్డే తీసుకోండి. వచ్చే ఏడాది ధరలు, పరిమితులు, గీత కూడా మారతాయి కాబట్టి ఇదే లెక్క కొత్త అంకెలతో మళ్ళీ వేయండి. డిసెంబర్ 15 లోపు ఎంచుకుంటే జనవరి 1 నుంచి అమలవుతుంది. టెక్సాస్‌లో వ్యక్తిగత ప్లాన్లు ఎక్కువగా తమ నెట్‌వర్క్ డాక్టర్లకే పరిమితమైన హెచ్‌ఎంఓ, ఈపీఓలే. నెట్‌వర్క్ దాటితే అత్యవసరం తప్ప పైసా రాదు. మీ షుగర్ డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేసి, కంపెనీ పేరు ఒక్కటే చెప్పకుండా ప్లాన్ పూర్తి పేరు చదివి, తీసుకుంటారో లేదో అడగండి. ఒకే కంపెనీకి రెండు మూడు నెట్‌వర్కులుంటాయి. మీ మాత్రలు మందుల జాబితాలో ఏ మెట్టులో ఉన్నాయో, డిడక్టబుల్ కన్నా ముందే కాపేతో (ప్రతిసారీ కట్టే నిర్ణీత మొత్తంతో) ఇస్తారో లేదో కూడా ఆ రోజే చూసుకోండి.