కొత్తగా ఇన్‌లైన్ స్కేట్స్ కొనేవారు ముందు షూ సైజు, రిస్ట్ గార్డులు చూసుకోవాలి

మీకు 29 ఏళ్లు, తిరుపతిలో ఉద్యోగం, ఇంతవరకు ఏ స్కేట్సూ వేసుకోలేదు. చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్స్‌లో, ఆన్‌లైన్‌లో కనిపించే ఇన్ని రకాల్లో ఏవి కొనాలి, పెద్దవాళ్లకు ప్యాడ్లు నిజంగా అవసరమా అని అడిగారు. అవసరమేనండి. బడ్జెట్ తక్కువైతే ఖరీదైన చక్రాలు మానుకోండి గానీ ప్యాడ్లు మానుకోకండి. మా అమ్మాయిని స్కేటింగ్ క్లాసుకు తీసుకెళ్తూ, ముప్పై దాటాక నేనూ నేర్చుకున్నాను. పిల్లలు పడినా వెంటనే లేచి పరుగెడతారు. మన బరువుతో, మన ఎత్తు నుంచి పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది.

ముందు రిస్ట్ గార్డుల గురించి చెప్తాను. పడిపోతున్నప్పుడు ఎవరమైనా చేతులే చాస్తాం, ఆలోచించే టైం ఉండదు. శరీరం బరువంతా మణికట్టు మీద పడుతుంది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. దెబ్బలు తగిలి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన ఇన్‌లైన్ స్కేటర్లను పరిశీలిస్తే, గాయాల్లో సుమారు మూడో వంతు మణికట్టువే. గార్డులు లేనివాళ్లకు మణికట్టు గాయమయ్యే అవకాశం పది రెట్లకు పైగా ఎక్కువని తేలింది. అరచేతి వైపు గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉన్న గార్డులే తీసుకోండి. చెయ్యి నేల మీద ఆగిపోకుండా ఆ పట్టీ మీద జారిపోతుంది, దెబ్బ తీవ్రత అక్కడే తగ్గుతుంది. ఉత్త గుడ్డ గ్లవ్స్ ఆ పని చెయ్యవు. ఒకసారి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేల మీద ఆయిల్ మరకకు జారి రెండు చేతుల మీద పడ్డాను. ప్లాస్టిక్ మీద లోతుగా గీతలు పడ్డాయి, నా చేతులకు ఏమీ కాలేదు. ఆ సాయంత్రం ఇంట్లో వంట కూడా నేనే చేశాను.

హెల్మెట్ విషయంలో బైక్ హెల్మెట్ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. మోటార్‌సైకిల్ హెల్మెట్ బరువు ఎక్కువ, మన ఎండకు అందులో ఊపిరాడదు. స్కేటింగ్‌లో వెనక్కి పడటం మామూలే కాబట్టి తల వెనక భాగాన్ని కిందిదాకా కప్పేది చూడండి. లోపలి స్టిక్కర్ మీద ఈఎన్ 1078 గానీ, ఏఎస్‌టీఎం ఎఫ్1492 గానీ, ఈ భద్రతా ప్రమాణాల్లో ఒకటి ఉండాలి. పెట్టుకున్నాక అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన రావాలి, తల ఊపినా కదలకూడదు. మోకాలు, మోచేయి ప్యాడ్లకు బయట గట్టి చిప్ప, వెనక బిగించే పట్టీ ఉంటే చాలు. కాలికి తొడుక్కునే రకం అయితే మరీ మంచిది, చెమటకు జారిపోవు.

ఇక స్కేట్స్. ఇందులో అసలు విషయం సైజే. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి మడమ నుంచి పొడవైన వేలి దాకా మిల్లీమీటర్లలో కొలవండి. రెండు పాదాల్లో పెద్దదాన్ని తీసుకుని ఆ కంపెనీ చార్టుతో సరిచూడండి. మామూలు చెప్పుల సైజును నమ్మకండి. నిటారుగా నిలబడితే వేళ్లు షూ ముందు భాగానికి లైట్‌గా తగలాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ అస్సలు లేవకూడదు. పిల్లలకు కొన్నట్టు ఒక సైజు పెద్దది తీసుకోకండి, లోపల పాదం కదిలితే చీలమండ పక్కకు వాలిపోతుంది. వీలైతే చెన్నై వెళ్లినప్పుడు పెద్ద స్పోర్ట్స్ షాపులో వేసుకుని, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చుని, లేచి చూడండి. ఒకేచోట నొక్కుతూ నొప్పి పుడితే వాడగా వాడగా సర్దుకుంటుందని ఎవరు చెప్పినా తీసుకోవద్దు. ఆన్‌లైన్‌లో అయితే రిటర్న్ ఉన్నచోటే కొనండి, సైజు తేలేదాకా ఇంట్లో చాప మీదే వేసుకోండి.

షూ చీలమండ పైదాకా రావాలి, అక్కడ గట్టి బకిల్ ఉండాలి. పొట్టి షూ, పెద్ద పెద్ద చక్రాలతో వచ్చే స్పీడ్ స్కేట్స్ చూడటానికి బాగుంటాయి గానీ మొదటి జతగా వద్దు. మనకు 76 నుంచి 80 మి.మీ. చక్రాలు సరిపోతాయి. గట్టిదనం 80ఏ నుంచి 85ఏ మధ్య ఉంటే చాలు (అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది), ఆ అంకె చక్రం మీదే ఉంటుంది. చక్రాలు పాలీయురేథేన్‌వి అయి ఉండాలి. బొమ్మల షాపుల్లో దొరికే చవక జతల గట్టి ప్లాస్టిక్ చక్రాలు గ్రానైట్ మీద సబ్బు ముక్కలా జారిపోతాయి. చక్రం తిరగడానికి దాని మధ్యలో ఉండే బేరింగుల మీద ఏబెక్ 7, ఏబెక్ 9 అని పెద్దగా రాసి ఉంటుంది. అది తయారీలో కొలతల ఖచ్చితత్వం చెప్పే అంకె, మన వేగానికి దానివల్ల తేడా తెలియదు. దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి.

ఎక్కడ నేర్చుకోవాలో కూడా చెప్పాలి. అలిపిరి, కపిలతీర్థం వైపు రోడ్ల మీదికి మాత్రం వెళ్లకండి. కొండ పక్కన కాబట్టి వాలుంటుంది, నడిచేటప్పుడు పట్టించుకోం గానీ చక్రాల మీద నిలబడగానే తెలుస్తుంది. పైగా బస్సులు, నడిచి వెళ్లే యాత్రికులు. అనుమతి తీసుకుని ఏదైనా స్కూల్ బాస్కెట్‌బాల్ కోర్టులో గానీ, ఆయిల్ మరకలు లేని సెల్లార్‌లో గానీ తెల్లవారుజామున మొదలుపెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు కదా, తడి నేల మీద అసలు వద్దు. పట్టు ఉండదు, బేరింగులు తుప్పు పడతాయి.

మొదటిరోజు ముందుకు వెళ్లడం కన్నా పడటం నేర్చుకోండి. ప్యాడ్లన్నీ వేసుకుని, గడ్డి మీద మోకాళ్లు వంచి, ముందు మోకాలి ప్యాడ్ల మీద, తర్వాత చేతుల మీద వాలండి. మడమ దగ్గర బ్రేక్ రబ్బరు అడ్డమని కొందరు విప్పేయమంటారు, వినకండి. మోకాళ్లు వంచి, బ్రేక్ ఉన్న పాదాన్ని ముందుకు జరిపి మునివేళ్లు పైకెత్తితే అది నేలకు రాసుకుని మీరు ఆగుతారు. చదునైన చోట అనుకున్న గీత దగ్గర ఆగడం వచ్చేదాకా వాలు జోలికి పోవద్దు.

మీ పాదం పొడవు, మీరు చూస్తున్న మోడల్ పేరు రాయండి. చార్ట్ చూసి సైజు చెప్తాను.